జైలు మగ్గం మీద మూరెడు పోగులు

ఊరి శివార్లలో ఉన్న జైలుకు నేను వారానికి నాలుగు రోజులు వెళ్లి వస్తుంటాను. ఈ మాట చెప్పగానే కొత్తవాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. మగ్గం నేర్పడానికని ఆ తర్వాత చెబితే నవ్వి మళ్లీ దగ్గరికొస్తారు. ఎంత బాగా నవ్వినా, ఆ వెనక్కి వేసిన అడుగును మాత్రం నేను మరిచిపోను. నాది కొంచెం మనసులో పెట్టుకునే స్వభావం.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి కరెంటు మగ్గాల మీద పనిచేశాడు. వాటిని మావాళ్లు సాంచాలంటారు. వారంలో ఆరు రోజులు ఆ సాంచాల చప్పుడులో గడిపి, ఏడో రోజు సలాబత్‌పురాలోని మా అద్దె ఇంట్లో, తలుపు పక్కన ఇరికించుకున్న చేమగ్గం మీద తువ్వాళ్లు నేసేవాడు. ఆ తువ్వాళ్లు కావాలని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఆ మగ్గానికి చోటు కోసం ఇంట్లో మంచం తీసేశారు. అమ్మకు దాన్ని చూస్తే సవతిని చూసినంత మంట. నన్ను మాత్రం నాన్న పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. తర్వాత నేనూ ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాను. ఎడమ చెవి దాదాపుగా పోయింది. జైలు షెడ్డులో ఎనిమిది చేమగ్గాలు బూజు పట్టి పడి ఉన్నాయనీ, ఖైదీలకు నేర్పే మనిషి కోసం వెతుకుతున్నారనీ బజారులో విన్నప్పుడు, ఇంత పెద్ద బట్టల ఊళ్లో ఆ పని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలానేమో అనిపించింది. గర్వంగానే వెళ్లాను.

మొదటిరోజు ఖైదీలందరినీ కూర్చోబెట్టి, అయ్యవారిలా ఒక మాట చెప్పాను. పడుగు అయిపోయి బట్ట కోసేటప్పుడు మగ్గాన్ని బోడిగా వదలకూడదు. పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులో మూరెడు పోగులు మిగల్చాలి. కొత్త పడుగు వచ్చాక ఆ పాత పోగులకే ఒక్కొక్క పోగూ అతుక్కుంటూ పోవాలి. అలా చేస్తే వెయ్యి పోగుల్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించే బాధ తప్పుతుంది. ఇది పని సంగతి. దీనికి మా నాన్న తనదిగా ఒకటి కలిపేవాడు. ఎవరు కోస్తే వాళ్లే వచ్చి అతకాలి, ఇంకొకరు అతికితే ఇంటికి మంచిది కాదు అనేవాడు. నేను అదీ చెప్పాను. వినేవాళ్లు ఎలాంటివాళ్లో, వాళ్లు ఎక్కడ కూర్చుని వింటున్నారో ఆలోచించలేదు. ఎవరు కోస్తే వాళ్లే మళ్లీ వచ్చి అతకాలని జైల్లో కూర్చోబెట్టి చెప్పిన మేధావిని నేను.

ఆ మాటను నిజంగా నెత్తిన పెట్టుకున్నవాడు ఒకాయన ఉన్నాడు. సగం జీవితం లోపలే గడిపిన ముసలి ఖైదీ. గుజరాత్‌లోనే ఏదో పల్లె. షెడ్డు ఊడ్చడం, నూలుకు గంజి కాచడం, మగ్గాలు తుడవడం ఆయన పని. నేను చెప్పినంతసేపూ చీపురు పట్టుకుని నిలబడి విన్నాడు. చివర్న, ఎవరు కోస్తే వాళ్లే వచ్చి అతకాలి అని తనలో తాను హిందీలో అనుకుంటూ వెళ్లిపోయాడు. మతిలేని మనిషేమో అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

ఇక నేను చెప్పదలచుకున్న అతను మావైపువాడే. జగిత్యాల దగ్గర ఏదో ఊరు. సూరత్ పక్కనున్న జోల్వాలో సాంచాలు నడిపేవాడు. మూతపడిన కార్ఖానాల తాళాలు తీసి, సాంచాల మోటార్లు విప్పుకుపోవడం అతని నేరం. నేను చూసేనాటికే అది రెండోసారి. జైల్లో తెలుగు మాట వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అతనికీ మా నాన్న మాట చెప్పి చివరి మగ్గం మీద కూర్చోబెట్టాను. ఇంకొకరికి రెండు నెలలు పట్టే పని నాలుగు రోజుల్లో పట్టేశాడు. అతను నేస్తుంటే చప్పుడు ఎక్కడా తడబడేది కాదు. నా చెడ్డ చెవికి కూడా అది తెలిసేది. ఎనిమిది మగ్గాలు ఆడుతున్నా కళ్లు మూసుకుని అతని మగ్గం ఏదో చెప్పగలిగేవాణ్ని.

ఇంత చెయ్యి తిరిగినవాడివి ఆ పని ఎందుకు చేశావని ఒకరోజు అడిగాను. నూలు చిక్కు తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"మొదటిసారి కార్ఖాన మూతపడ్డది మాస్టర్, ఇంట్ల తిండి లేకుండె. రెండోసారి పని ఉండె, తిండి ఉండె. ఎందుకు పోయిన్నో నాకే తెల్వదు. తాళం తీసినంక చూసుకున్న, ఇక్కడెందుకున్ననా అని."

అబద్ధాలు చెప్పేవాళ్లు ఇంకా మంచి కారణాలు చెబుతారు. అందుకే నమ్మాను, నమ్మినందుకు భయం కూడా వేసింది.

విడుదల రోజు దగ్గర పడ్డప్పుడు బట్ట కోసి, మూరెడు పోగులు అచ్చులో వదిలి, చక్కగా ముడులు వేశాడు. నా మగ్గం ఎవ్వలకియ్యకు మాస్టర్ అని నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. కాని నిజంగానే ఎవరికీ ఇవ్వలేదు. మొద్దు చేతులవాళ్లు దాన్ని పాడుచేస్తారన్నది నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి, నాకు అంత మంచి శిష్యుడు మళ్లీ దొరకలేదు. ఎనిమిదింటిలో ఏడు మగ్గాలు ఆడుతుంటే ఆ చివరిది మాత్రం పోగులు వేలాడేసుకుని ఊరికే ఉండేది. షెడ్డులో గాలి ఆడదు. అయినా ఆ పోగులు అప్పుడప్పుడు కదిలేవి. పక్క మగ్గాల అదురుకని సరిపెట్టుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఉదయం వెళ్లేసరికి, దుమ్ము పేరుకున్న ఆ మగ్గం మీద కూర్చునే పలక ఒక్కటి శుభ్రంగా మెరుస్తోంది. పోగులు పట్టుకుని చూస్తే చల్లగా, తడిగా ఉన్నాయి. కొత్త గంజి వాసన. నాకు ఒళ్లు మండింది. పనిలేని మగ్గానికి గంజి ఎవడు పెట్టాడని అరిచాను. ముసలాయన చీపురు పక్కన పెట్టి వచ్చాడు. తానే పెట్టానన్నాడు. నిన్నటి నుంచి పోగులు వదులయ్యాయనీ, అతను వస్తున్నాడనీ, ఎండిన పోగులైతే అతికేటప్పుడు తెగిపోతాయనీ వంట సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

నాలుగో రోజు అతను వచ్చాడు. మళ్లీ మోటారే, మళ్లీ ఖైదీ బట్టలే. నేను తిట్టడానికి మాటలన్నీ కూడబెట్టుకుని ఉన్నాను. అతను నా వైపు కూడా చూడలేదు. నేరుగా ఆ పలక మీద కూర్చుని, పోగులు చేతిలోకి తీసుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు. సిగ్గు పడి ఉంటే ఓదార్చేవాణ్ని, ఏడ్చి ఉంటే నాలుగు తిట్టేవాణ్ని. బయటి ఊళ్లో పని మీద తిరిగి తిరిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పిన మనిషి ముఖం అది.

మనిషి మళ్లీ లోపలికి రాకుండా చేయడానికి జైలువాళ్లు చేతనైనవి చేస్తూనే ఉంటారు. పొద్దున యోగా, మధ్యాహ్నం మగ్గం, పండగల్లో ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం, పోయేటప్పుడు పని నేర్చుకున్నాడన్న సర్టిఫికెట్. ఇవేవీ పనికిరానివని నేననను. కాని ఆ సర్టిఫికెట్ మీద జైలు పేరు ఉంటుంది. అది చూపిస్తే పని ఇవ్వరు, చూపకపోతే ఎక్కడ నేర్చుకున్నావంటారు. పైగా ఠాణాకు వెళ్లి కనపడి రావాలి. చుట్టుపక్కల ఎక్కడ ఏ తాళం పగిలినా ముందు తట్టేది అతని తలుపే. అతను తాళం తీయని రోజుల్లో కూడా తీసినవాడుగానే బతకాలి. ఇదంతా నేను చూస్తూ వచ్చిందే, కొత్తగా కనిపెట్టింది కాదు.

మూడోసారి విడుదలైనప్పుడు గేటు బయట అతని భార్య నిలబడి ఉంది. జోల్వాలో ఇంట్లోనే కూర్చుని చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని ఆమెది. చూపుడు వేలి మీద కత్తెర కాయ కాసి ఉంది. నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, మూడుసార్లు తలుపు తీసిన. నాలుగోసారి తియ్య. తిట్టుకాదిది, చెప్తున్న. ఆయన ముందట చెప్తె ఇనడు, నువ్వు చెప్పు."

నేను చెప్పాను. అతను తలూపాడు. నాలుగోసారి జరిగితే అతనికి పోవడానికి ఆ జైలు తప్ప ఇంకో చోటు ఉండదని మా ముగ్గురికీ అర్థమయింది. ఆ మధ్యాహ్నం షెడ్డులోకి తిరిగి వచ్చి చూస్తే చివరి మగ్గం మీద మూరెడు పోగులు వేలాడుతున్నాయి. అలవాటు ప్రకారం కోసి, అలవాటు ప్రకారం ముడులు వేసి పోయాడు. నేను అలవాటు ప్రకారం వదిలేశాను.

ఐదు నెలలు గడిచాయి. వానలు మొదలయ్యాయి. అతను జోల్వాలోనే ఒక సాంచాల కార్ఖానాలో రాత్రి పాళీ చేస్తున్నాడని, ఠాణాకు కూడా తప్పకుండా పోతున్నాడని విని ఉన్నాను. ఒక సోమవారం షెడ్డులోకి అడుగు పెట్టగానే గంజి వాసన తగిలింది. నేరుగా చివరి మగ్గం దగ్గరికి నడిచాను. పలక మెరుస్తోంది. పోగుల కొసల నుంచి నీటి చుక్కలు నేల మీద పడుతున్నాయి. ముసలాయన దూరంగా నిలబడి, నేను అడగకముందే, వదులయ్యాయి అన్నాడు. వానాకాలం చెమ్మకు వదులై ఉంటాయి అన్నాను. కావచ్చు, పోయినసారి ఎండాకాలం అన్నాడు.

ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను. మనసు మనసులో లేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడి, రెండు ఆటోలు మారి జోల్వా వెళ్లాను.

వాళ్లది వరసగా కట్టిన గదుల్లో ఒకటి. ముందు రేకుల వసారా. చుట్టూ సాంచాల చప్పుడు. అక్కడ ఆ చప్పుడు ఎప్పుడూ ఆగదు కాబట్టి ఎవరికీ వినపడదు. ఆమె గడపలో కూర్చుని చీర దారాలు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేవలేదు, నోటి మీద వేలు పెట్టి లోపలికి చూపించింది. అతను నైట్ పాళీ దిగి వచ్చి, నేల మీద వెల్లకిలా పడుకుని గాఢనిద్రలో ఉన్నాడు. చేతులు కదలడం లేదు, ముఖం కదలడం లేదు. పాదాలు మాత్రం ఒకటి తర్వాత ఒకటి, మగ్గం తొక్కుతున్నట్టు గాలిలో తొక్కుతున్నాయి. ఎక్కడా తడబాటు లేదు. సాంచాల మీద పనికి కాళ్లతో అవసరమే లేదు.

"పది రోజులాయె అన్నా. పండుకుంటె చాలు గిట్లనే. మనిషి ఈడ ఉన్నడు, కాళ్లు ఈడ లెవ్వు."

నేను గడప బయట నిలబడి ఆ పాదాలు చూస్తూ ఉండిపోయాను. అవి తొక్కుతున్న వరస నాకు తెలిసిందే. నా చెడ్డ చెవిలో, పది మైళ్ల అవతల ఉన్న షెడ్డులోని చివరి మగ్గం చప్పుడు మోగింది. ఊహే అయి ఉంటుంది. కాని అతని పాదాలు ఆగగానే ఆ చప్పుడూ ఆగింది.

కళ్లు తెరిచి నన్ను చూసి అతను ఆశ్చర్యపోలేదు. ఆమె చాయ్ పెట్టడానికి వెనక్కి వెళ్లాక మెల్లగా చెప్పాడు.

"నిన్న ఆ మూలకున్న కార్ఖాన కాడికి పోయిన మాస్టర్. తాళం మీద చెయ్యేసిన. తియ్యలె. ఇంక తియ్యలె. మోటార్ మీద మనసు లేదు నాకు. నా పోగులు ఆడ ఉన్నయి. అతకకుంట వచ్చిన. అతకాలంటె ఆడికి పోవాలె, పోవాలంటె నాకు తెలిసిన తొవ్వ ఒకటే."

నా తల కొట్టేసినట్టయింది. ఎవరు కోస్తే వాళ్లే వచ్చి అతకాలి. ఆ మాట చెప్పింది నేను. చెప్పి ఊరుకోకుండా మగ్గాన్ని కూడా అతని కోసం ఆపి పెట్టాను. ఇతరులు అతనికి బయట చోటు లేకుండా చేశారు, నేను లోపల చోటు తయారుగా ఉంచాను. రెండింటిలో ఏది పెద్ద తప్పో నాకు ఇప్పటికీ తేలలేదు.

జైలు నుంచి ఒక్క పోగు కూడా బయటికి పోకూడదు. అడిగితే ఇచ్చేవారేమో. అడగాలంటే కాగితం రాయాలి, కాగితంలో కారణం రాయాలి. తడిసిన పోగులు మనిషిని పిలుస్తున్నాయని రాస్తే నన్ను ఆసుపత్రికి పంపుతారు. మర్నాడు మధ్యాహ్నం, ఖైదీలను లెక్క చూసి భోజనానికి తీసుకుపోయిన సమయంలో, నేను చివరి మగ్గం దగ్గరికి వెళ్లాను. పోగుల వరస చెదరకుండా రెండు దారాలు అడ్డంగా కట్టి, ముడి దగ్గర కోసి, అచ్చులోంచి మొత్తం లాగేశాను. బొటనవేలంత లావు కట్ట అయింది. చొక్కా ఎత్తి, మొలతాడు మీదుగా నడుముకు చుట్టుకున్నాను. పోగులు కడుపుకు చల్లగా అంటుకున్నాయి. మగ్గం బోడిగా అయిపోయింది.

గేటు దగ్గర తనిఖీ చేసే కానిస్టేబుల్ నాకు ఏళ్లుగా తెలుసు. చేతులు పైకెత్తాను. అతని అరచేతులు నా పక్కల మీదుగా, నడుము మీదుగా జారాయి. ఆ మెత్తటి కట్ట మీద ఒక్క క్షణం ఆగాయి. చెవి ఎలా ఉందని అడిగాడు. అలాగే ఉందన్నాను. నవ్వి పంపించాడు.

ఆ తర్వాత నాకు కలిగిన దాని గురించి నిజం చెప్పాలి. భయం వేస్తుందనుకున్నాను, తప్పు చేశానన్న బాధ ఉంటుందనుకున్నాను. ఏదీ లేదు. బస్టాపులో నిలబడితే ఒళ్లంతా తేలికగా, ఇరవై ఏళ్ల వయసు వెనక్కి వచ్చినట్టుగా ఉంది. యాభై రెండేళ్ల జీవితంలో ఒకరి అగ్గిపుల్ల ముట్టని మనిషిని. ఇది ఇంత సులువా అనుకున్నాను. ఇంత బాగుంటుందని నాతో ఎవరూ అనలేదు.

అటక మీద కట్టలు కట్టి పడేసి ఉన్న మా నాన్న మగ్గాన్ని టెంపోలో వేసుకుని ఆ ఆదివారం జోల్వా తీసుకెళ్లాను. అమ్మ ఉంటే పీడ విరగడైందని కొబ్బరికాయ కొట్టేది. ముగ్గురం కలిసి రేకుల వసారాలో దాన్ని నిలబెట్టాం. బోడి అచ్చులోకి పోగులు ఎక్కించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు వెనక కూర్చుని వరస తప్పకుండా ఒక్కొక్క పోగూ అందించాలి, ముందు కూర్చున్నవారు కొక్కెంతో లాగి తీసుకోవాలి. నేను అందిస్తానని వెనక్కి వెళ్లబోయాను.

"నువ్వు లే అన్నా," అంది ఆమె. నన్ను పక్కకు జరిపి తనే కూర్చుంది.

పొద్దున మొదలుపెట్టి దీపాల వేళ దాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆమె ఒక పోగు పట్టుకుంటుంది, అచ్చు సందులోంచి కొక్కెం వస్తుంది, పోగు పోతుంది. వెయ్యికి పైగా పోగులు. ఎదురెదురుగా కూర్చున్నా, మధ్యలో అల్లుకుపోతున్న పోగుల వల్ల పొద్దు గడిచేకొద్దీ వాళ్లకు ఒకరి ముఖం ఒకరికి మసక మసకగా అయింది. ఒకచోట ఆమె వేళ్లు ఆగిపోయాయి. చాలాసేపు పోగు అందించలేదు. అతను కొక్కెం అలాగే పట్టుకుని కూర్చున్నాడు, అడగలేదు. కాసేపటికి మళ్లీ పోగు అందింది.

తర్వాతి వారం కొత్త పడుగు తెచ్చి అతను ఆ పాత పోగులకు అతికాడు. ఆ రాత్రి నుంచి అతని పాదాలు నిద్రలో కదలడం లేదని ఆమె ఫోన్ చేసి చెప్పింది. అది జరిగి రెండేళ్లు దాటింది. అతను సాంచాల పని చేస్తున్నాడు, ఖాళీ ఉన్నప్పుడు మా నాన్న మగ్గం మీద తువ్వాళ్లు నేస్తున్నాడు. ఠాణావాళ్లు ఇంకా పిలుస్తారు. వెళ్లి, కూర్చుని, తిరిగి వస్తాడు. ఆమె తలుపు తీస్తుంది.

ఇక్కడితో ఆపితే అందరికీ బాగుంటుంది, నాకు కూడా.

ఆ పోగులు తెచ్చిన మూడు వారాలకు, నా చొక్కా ఉతకడానికి తీసిన మా ఆవిడ, దాని జేబులోంచి ఒక కండె తీసి, ఇదెక్కడిది అని అడిగింది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న గొట్టం. జైలు షెడ్డులోది. అది నా జేబులోకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. గేటు దగ్గర చేతులు ఎత్తడం గుర్తుంది. బస్టాపులో ఒళ్లు తేలికగా ఉండటం గుర్తుంది. కండె మాత్రం గుర్తు లేదు.

అది పట్టుకుని అతని దగ్గరికే వెళ్లాను. ఇంకెవరి దగ్గరికి వెళ్లను? నవ్వుతాడనుకున్నాను. మగ్గం ఆపి, కండెను తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. అతని ముఖం నల్లబడింది.

"ఎందుకు తీసినవో తెల్వదు గదా మాస్టర్?"

"తెల్వదు," అన్నాను.

"రేపు పోయి ఏడిదాడ పెట్టు. పెట్టి బయటికొచ్చినంక నాకు ఫోన్ చెయ్. ఒక్క రేపు గాదు, పోయిన ప్రతి దినం చెయ్. నేను ఎదురుచూస్తుంట. ఎవడన్న ఒకడు ఎదురుచూస్తె చెయ్యి ఆగుతది. నాకు ఎవ్వలు లేకుండె, నీకు నేనున్న."

ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా ఇంత మాట అనగా నేను వినలేదు.

మర్నాడు వెళ్లి కండెను దాని బుట్టలో పెట్టాను. తిరిగి చూస్తే ముసలాయన చివరి మగ్గం దగ్గర వంగి ఉన్నాడు. నూలు రాక ఆ మగ్గం ఇంకా బోడిగానే ఉంది, ఒక్క పోగు లేదు. ఆయన గుడ్డతో పలక తుడుస్తున్నాడు. పక్కన చిన్న గిన్నెలో గంజి. అతను ఇక రాడు, ఎవరి కోసం తుడుస్తున్నావు అని అడిగాను. ముసలాయన నడుం నిలబెట్టి, నా ముఖం చూడకుండా, నా నడుము వైపు చూశాడు.

"కోసింది మీరే కదా మాస్టర్‌జీ," అన్నాడు మర్యాదగా.

అప్పటి నుంచి లోపలికి పోయిన ప్రతి రోజూ బయటికి రాగానే, గేటుకు ఎదురుగా ఉన్న బస్టాపులో నిలబడి, జేబులు తిరగేసి చూసుకుని, అతనికి ఫోన్ చేస్తాను. ఇప్పటిదాకా ఒక్కరోజు తప్పలేదు. మొన్న చేసినప్పుడు అతను మగ్గం మీద ఉన్నాడు. ఫోన్ ఎత్తడానికి నేత ఆపాడు, చప్పుడు ఆగడం నాకు తెలిసింది. చేతులు ఖాళీయేనా మాస్టర్ అని అడిగాడు. ఖాళీయే, మరి నీవి అన్నాను. నావి కూడా అన్నాడు. రోజూ ఇంతే, ఆ తర్వాత పెట్టేస్తాం.

కాని మొన్న, అతను నేత ఆపాక కూడా మగ్గం చప్పుడు ఇంకా వినిపిస్తోంది. తడబాటు లేకుండా, నిదానంగా. ఫోన్ నా కుడి చెవి దగ్గర ఉంది. చప్పుడు వస్తున్నది ఎడమ చెవిలోకి, గేటు వైపు నుంచి. నా కాలి కింద చెప్పు కదిలినట్టయితే కిందికి చూశాను. పాదం దానంతట అదే లేచి దిగుతోంది.

"జర ఫోన్ పెట్టకు తమ్మీ," అన్నాను.